ఉండావా?

అనంతపురం పాత ఎక్స్ఛేంజి, మూడో అంతస్తు.
ఏసీ ఒక్కటే పనిచేస్తోంది, అదీ దగ్గుతూ.
మే నెల. రాత్రి రెండుంబావు.
వన్నూరప్ప సారు బనీనుతో కూచుని
బుడ్డలు ఒలుచుకుంటున్నాడు.
నేను తెర మీద వరసలు చూస్తున్నా.

ఈ పెట్టె ఏం చేస్తుందో మా అమ్మకి చెప్పడం
నాకెప్పుడూ చేతకాలేదు.
"దారి చెప్తుంది మా" అంటాను.
"ఎవురికి?"
"అందరికీ. గుంతకల్లు మాట ధర్మవరం చేరాలంటే ఎట్ల పోవల్లో."
"దానికి నీకు జీతమా!" అంటుంది.

ఇంకో పని కూడా ఉంది దీనికి.
పది సెకన్లకోసారి ఇరుగుపొరుగుని పలకరిస్తుంది:
ఉండావా?
గుంతకల్లు: ఉండా.
తాడిపత్రి: ఉండా.
కళ్యాణదుర్గం, కొంచెం ఆలస్యంగా: ఉండా.
నలభై సెకన్లు ఎవరైనా పలక్కపోతే
పేరు కొట్టేస్తారు,
వాళ్ళ మీదుగా పోయే దారులన్నీ చెరిపి
కొత్తగా లెక్క కట్టుకుంటారు.
ఏడ్చేందుకు టైము పెట్టుకోలేదు వాళ్ళు.

పై అరలో కార్డుది పెత్తనం.
కింది అరలో దాని జోడు.
ఆరేళ్ళుగా ఒక్క మాటా అనకుండా
పచ్చలైటు వెలిగించుకుని కూచుంది.
"దండగ" అని ఎర్ర ఇంకుతో రాసిపోయాడు
ఆడిట్‌కొచ్చినాయన.

రెండూ ముప్పై ఒకటికి పై కార్డు పోయింది.
చప్పుడు లేదు, పొగ లేదు.
లైటు పచ్చ, పసుపు, తర్వాత ఏ రంగూ కాదు.

సారు వేళ్ళ మధ్య బుడ్డ అట్లే ఆగిపోయింది.
నేను పైకే లెక్కపెడుతున్నా. ఒకటి. రెండు.

మాటలు మాత్రం ఆగలేదు.
తీగల దగ్గర కూలిచేసే కార్డులకి
పెద్దదిక్కు పోయిన సంగతి తెలుసో తెలీదో,
చేతిలో ఉన్న పాత పట్టీ చూసుకుంటూ
వచ్చినదాన్ని వచ్చినట్టే సాగనంపుతున్నాయి:
పెద్దాసుపత్రి నుంచి ఒక ఎక్స్‌రే,
రాప్తాడులో నిద్రపట్టని పిల్లోడి ఆట,
ఎవరో ఎవరికో పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టిన మెసేజి.

ఐదు. ఆరు.
జోడు లేచింది.
పట్టీ దాని దగ్గరా ఉంది గానీ
పొరుగువాళ్ళతో ఎన్నడూ మాట్లాడి ఎరగదు.
అది పలికిన మొదటి మాట
ఉండావా అని కాదు.
"పడి లేస్తాండా. రెండు నిమిషాలు ఓర్చుకోండి.
నా పేరు కొట్టెయ్యాకండి."

గుంతకల్లు ఓర్చుకుంది. ధర్మవరం ఓర్చుకుంది.
"అనంతపురానికేం, బాగుంది, అట్లే పోండి"
అని అవతలివాళ్ళకి చెప్పాయి.
అబద్ధమే.
ఈలోగా ఎక్కడైనా దారి తెగితే మాత్రం
మాట మీద నిలబడరు.
పాతబడిన అబద్ధం జనాన్ని గోతిలోకి తోస్తుందని
వాళ్ళకి తెలుసు.

తర్వాత ఒక్కొక్కరూ మొదట్నుంచి చెప్పుకొచ్చారు,
నా అవతల ఫలానావాళ్ళు, ఇంత దూరం, ఈ దారి ఇరుకు.
జోడు రాసుకుంటూ
పాత పట్టీలో అనుమానపు చుక్కలు
ఒక్కోటీ తుడిచింది.

టవర్‌ క్లాక్ దగ్గర మా అమ్మ ఉగ్గాని బండి.
ఓ పొద్దున అమ్మ పొయ్యి దగ్గరే ఒరిగిపోతే
ప్లేట్లు కడిగే మాబున్ని గరిటె అందుకుంది.
ఆటోవాళ్ళెవరూ పక్క బండికి పోలేదు.
ఉప్పు తక్కువైందని అనలేదు.
అప్పుల పుస్తకం అమ్మ తలలోనే ఉండేది,
ఎవరి బాకీ వాళ్ళే వచ్చి మాబున్నికి చెప్పారు.
ఒక్కడు తప్ప. వాడి పేరు ఇక్కడెందుకు.

నాలుగింటికి సారు రిజిస్టరు తీశాడు.
"2:31. కార్డు మారింది. ఫిర్యాదులు లేవు."
ఇంకేమైనా రాయాలా అన్నట్టు నా వైపు చూసి
కప్పు పెట్టేసి, నాలుగు బుడ్డలు నా చేతిలో పోశాడు.

కొత్త కార్డు హైదరాబాదు నుంచి రావడానికి రెండు వారాలు.
అంతవరకూ జోడుకి జోడు లేదు.
పై అర ఖాళీ చేశాం.
వేలు పెడితే ఇంకా వెచ్చగానే ఉంది.